కరియ దాపట, బ్రౌనీ వలపట

రెండు వందల మంది చూస్తుండగా, మైదానం నడిమధ్యలో, ఒక కుక్క ముందు చేతులు జోడించి "నీకు దండం పెడతా, ఒక్క అడుగు వెయ్యప్పా" అని బతిమాలుకున్న మేస్త్రిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి. ఆ మేస్త్రి నేనే. పేరు ఓబులేసు. ఆ రోజు పోయిన పరువు ఇంకా ఆ మైదానంలోనే ఎక్కడో పడి ఉంటుంది. దొరికినవాళ్లు ఉంచేసుకోవచ్చు, నేనేమీ అడగను.

అక్షరాలు నాకు యాభై ఆరో ఏట వచ్చాయి. వచ్చిన కొత్తలో, నా గొప్పలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెడదామని కూర్చున్నాను. ముప్పావు పేజీకే అయిపోయాయి. మిగిలిన పేజీలు వృథా ఎందుకని నేను చేసిన తప్పులు రాయడం మొదలుపెట్టాను. ఇది మూడో నోటుబుక్కు. అన్ని తప్పుల్లోకి ఎత్తుగా కనపడేది ఈ కుక్క తప్పే.

నాలుగేళ్ల కిందటి మాట. అప్పటికి నాకు అరవై రెండు. కుర్రతనం, ఉడుకురక్తం. తెలియక చేశానని మీరే సర్దుకుపోవాలి.

మాది కదిరి పక్కన పల్లె. సేద్యం వదిలి బెంగుళూరు వచ్చి ముప్పై ఏళ్లు గోడలు కట్టాను. కుందలహళ్ళిలో ఒక ఐదంతస్తుల అపార్టుమెంటుకు చివరి పూత పూసిన రోజే నా మోకాళ్లు రెండూ నాతో మాట్లాడటం మానేశాయి. నిచ్చెన ఎక్కలేని మేస్త్రిని ఎవరు పిలుస్తారు? ఆ అపార్టుమెంటు వాళ్లే జాలిపడి, పంపు చూసుకోవడానికీ మొక్కలకు నీళ్లు పట్టడానికీ నన్ను అక్కడే పెట్టుకున్నారు. పంపు పక్కన ఒక గది. గదిలో నేను, నా భార్య నాగమ్మ. గేటు బయట కరియ.

కరియ ఒక నల్ల వీధికుక్క. పునాదులు తవ్వే రోజుల్లో పిల్లగా వచ్చి ఇసుక కుప్ప మీద పడుకుంది. కట్టడం అయ్యాక కూలీలందరూ వెళ్లిపోయారు, అది వెళ్లలేదు. 'కూచో' అంటే కూచునేది. 'పద' అంటే కదిలేది. 'తిరుగు' అంటే తిరిగేది. నేనంటే దానికి అంత భక్తి అనుకునేవాణ్ణి. ఈ 'అనుకునేవాణ్ణి' అనే మాటను కొంచెం పక్కన పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

మూడో అంతస్తులో శ్రావ్యమ్మ, ఆమె భర్త కిరణ్ సారు ఉండేవాళ్లు. ఇద్దరికీ కంప్యూటరు ఉద్యోగాలు. వాళ్ల దగ్గర ఏడాదిన్నర లాబ్రడార్ కుక్క ఒకటి. ముదురు గోధుమ రంగు, దున్నపోతు పిల్లంత ఒళ్లు, పేరు బ్రౌనీ. అదేదో కేకు పేరట. తినే వస్తువు పేరు పెట్టినందుకో ఏమో, అది లోకంలో ప్రతిదాన్నీ తినే వస్తువుగానే చూసేది. సోఫా చేతులు రెండూ తిన్నది. సారు ఆఫీసు కార్డు తిన్నది. సారు వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చి, పళ్లసెట్టు గిన్నెలో పెట్టి స్నానానికి వెళితే, దాన్ని నోట కరుచుకుని హాలంతా ఊరేగింది. ఆ తల్లి బయటికొచ్చి, తన నవ్వును కుక్క మూతి మీద చూసుకుని అక్కడే కూలబడిందట.

చివరికి సారు కొత్త బూటు వంతు వచ్చింది.

ఆ రోజు నేను కింద మల్లెతొట్టికి నీళ్లు పడుతున్నాను. కారు దగ్గర మొగుడూ పెళ్లాల మాట వినబడింది.

"శ్రావ్యా, ఇంక నా వల్ల కాదు. హోసూర్ అవతల రఘు వాళ్ల ఫామ్ ఉంది కదా. అక్కడ వదిలేద్దాం. చెట్లు తింటదో, గోడలు తింటదో, దాని ఇష్టం."

"ప్లీజ్ కిరణ్. ఇంకొక్కసారి ట్రైనింగ్ ఇప్పిద్దాం."

"ఇప్పించాం కదా. ట్రైనర్ బెల్టు తినేసింది. ఆయన ప్యాంటు పట్టుకొని లిఫ్టులో దిగిపోయిండు."

"నెలన్నరలో ర్యాలీ పోటీ ఉంది. పేరు ఇచ్చాను. అందులో పాసైతే?"

సారు కారు తలుపు తీశాడు. "పాసైతే ఉంటది. ఫెయిలైతే ఆ సాయంత్రమే ఫామ్‌కి. డీల్?"

"డీల్," అంది శ్రావ్యమ్మ. మాట గట్టిగానే అంది గాని, కళ్లు నిండిపోయాయి. పెళ్లై మూడేళ్లైంది, కన్నవాళ్లు గుంటూరులో, మొగుడు లాప్‌టాప్‌లో. ఆ పిల్లకు కబుర్లు చెప్పుకోవడానికి మిగిలింది ఆ కుక్కే. మల్లెతొట్టి నిండి నీళ్లు నా కాళ్ల మీదికి పారుతున్నా నేను గమనించలేదు. నా నోరు కూడా అలాగే నిండింది. ఆగలేక పారింది.

"ఆ పోటీ ఎట్లుంటాదమ్మా?" అన్నాను.

శ్రావ్యమ్మ ఫోనులో చూపించింది. మైదానంలో పదిహేను బోర్డులు నాటి ఉంటాయి. ఒక్కో బోర్డు మీద ఒక బొమ్మ. ఒకచోట కూర్చోబెట్టాలి, ఒకచోట కుడికి తిప్పాలి, ఒకచోట వరసగా పెట్టిన రబ్బరు కోన్ల మధ్య మెలికలు తిరగాలి. మనిషి ఎడమపక్క కుక్క నడవాలి. మనిషి బోర్డు చూసి చెప్పాలి, కుక్క చెయ్యాలి. వందకు డెబ్భై వస్తే పాసు.

"ఇంతేనా?" అన్నాను. "పన్నెండు కోడెలను కాడికి మప్పినోణ్ణమ్మా నేను. దీనికి కొమ్ములు కూడా లేవు. నాకిడిసిపెట్టు."

"నిజంగానా మేస్త్రిగారూ? మీకు కుక్కల ట్రైనింగ్ తెలుసా?"

"నాలుగు కాళ్లుండేదంతా ఒకటేనమ్మా."

చూశారా, ఎంత ధీమాగా చెప్పానో. మంచానికి కూడా నాలుగు కాళ్లుంటాయని ఆ క్షణంలో ఎవరైనా గుర్తుచేసి ఉంటే ఎంత బాగుండేది.

మా పక్క కోడెను కాడికి మప్పడానికి, అంటే అలవాటు చేయడానికి, ఒక పద్ధతి ఉంది. కొత్త కోడెను ఒంటరిగా నిలబెట్టి పాఠాలు చెప్పరు. అనుభవమున్న ముసలి ఎద్దును దాపట, అంటే ఎడమవైపు కడతారు. కొత్తదాన్ని వలపట, కుడివైపు కడతారు. ముసలిది కదిలితే కొత్తది కదలాల్సిందే. అది ఆగితే ఇది ఆగాల్సిందే. నోరు నొప్పి లేదు, దెబ్బ లేదు. నెల తిరిగేసరికి కొత్తదానికి నడక వచ్చేస్తుంది.

నాకు ముసలి ఎద్దు సిద్ధంగానే ఉంది. గేటు బయట గోక్కుంటోంది.

ముప్పావు అంగుళం పీవీసీ పైపు మూడడుగులు కోశాను. మెడలు ఒరుసుకోకుండా నా పాత తువ్వాలు చుట్టాను. రెండు కొసలకు రెండు మెడపట్టీలు బిగించాను. పక్కన ఒక ఖాళీ సైటు ఉంది. పొద్దున్నే బ్రౌనీని అక్కడికి తీసుకెళ్లి కరియ దాపట, బ్రౌనీ వలపట కట్టి, బ్రౌనీ కుడిపక్క నేను నిలబడ్డాను. శ్రావ్యమ్మను మాత్రం రావద్దన్నాను. సారుకు వీధికుక్కలంటే పడదు, ఆమెకు తెలిస్తే ఆయనకూ తెలుస్తుంది. అందుకని, "మప్పేటప్పుడు యజమాని కంట పడగూడదమ్మా, అదొక పద్ధతి" అని పెద్దమనిషిలా ఒక అబద్ధం కట్టాను. గోడలు కట్టిన చేతికి అదొక లెక్కా?

నాగమ్మ మాత్రం వచ్చింది. సైటు మూలన ఒక బండరాయి మీద కూర్చుని, ఒళ్లో తోటకూర, పక్కన స్టీలు డబ్బా పెట్టుకుంది. ఆ డబ్బాలో కరియకు రాగిముద్ద.

"ఏమయ్యో, కుక్కలకు కాడి కడతాండావా? రేపు పిల్లుల చేత గుంటక తోలిస్తావా?"

"నీకు తెలీదులే. ఇదొక విద్య."

"విద్యో గిద్యో. ఆ పైపు పంపుది కదా? నీళ్లు రాకపోతే పైనోళ్లు నిన్నే కాడికి కడతారు."

మొదటి రోజు బ్రౌనీ పైపును తినబోయింది. రెండో రోజు తువ్వాలు తిన్నది. మూడో రోజు ఒక కాకిని చూసి తూర్పుకు దూకింది. కరియ పడమరకు కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. పైపు నా మోకాలికి తగిలింది. నేను అక్కడే కూర్చుని, ఆ ఇద్దరి పుట్టుపూర్వోత్తరాలూ ఏకరువు పెట్టాను. నాగమ్మ తోటకూర కట్ట పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, రాయి మీద నుంచి పడబోయి నిలదొక్కుకుంది.

అయినా పద్ధతి పద్ధతే. పదో రోజుకల్లా రెండూ ఒకే అడుగు వేయసాగాయి. 'కూచో' అంటే కరియ కూచునేది, ఆ వెంటనే బ్రౌనీ. 'తిరుగు' అంటే కరియ తిరిగేది, దాని తోక చివరే బ్రౌనీ ముక్కు. సిమెంటు సంచులు కోసి, బొగ్గుతో బాణాలు గీసి, బోర్డుల్లా నాటాను. మూడోవారం పైపు తీసేశాను. నాలుగోవారం కరియకు తాడే లేదు, తనంతట తనే వచ్చి దాపట నిలబడేది. మెలికలు, చుట్లు, నిలకడలు అన్నీ నీళ్లు తాగినట్టు. దువ్వి దువ్వి నా మీసం పలచబడింది.

ఒకరోజు నాగమ్మ అడిగింది. "ఒక పూట కరియను కట్టేసి చూడయ్యా. ఇది ఒంటిగా నడుస్తాదో లేదో."

"నడక వచ్చినాక ఇంక చూసేదేముండాది?"

"ఏమో. ఇది నిన్ను చూసేదే లేదు. కరియనే చూస్తాండాది."

"చూడనీ. కరియ ఎవర్ని చూస్తాండాది మరి? నన్నే కదా?"

నాగమ్మ తోటకూర కాడ ఒకటి పుటుక్కున విరిచి "ఊఁ" అంది. నలభై ఏళ్ల కాపురంలో ఆ 'ఊఁ' నాకు బాగా తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

పోటీకి రెండు రోజుల ముందు శ్రావ్యమ్మ ఆగలేక, మూడో అంతస్తు బాల్కనీ నుంచి తొంగి చూసింది. సరిగ్గా అప్పుడు బ్రౌనీ కోన్ల వరసలో, అంటే నేను బోర్లించి పెట్టిన పెయింటు డబ్బాల వరసలో, పాములా మెలికలు తిరుగుతోంది.

"మేస్త్రిగారూ! సూపర్! ఇది మన బ్రౌనీయేనా అసలు?" అని అరిచింది. తర్వాత, "ఆ పక్కన నల్ల కుక్క ఎవరిది?"

"అదా? అది ఊరికే వాకింగుకు వచ్చినాదమ్మా."

"అది కూడా తిరుగుతోందేంటి?"

"మన బ్రౌనీని చూసి నేర్చుకుంటాండాది తల్లీ!"

కరియ నా వైపు ఒకసారి చూసింది. కుక్కలకు మాటలు రావని అంటారు గాని, ఆ చూపుకు మాటలు అక్కర్లేదు.

పోటీ ఆదివారం పొద్దున, ఒక బడి మైదానంలో. శ్రావ్యమ్మ తనే నడిపిస్తానంది. "నా గొంతుకు అలవాటు పడిందమ్మా, మనిషి మారితే బెదురుతాది" అని ఆమెను ఆపాను. నాగమ్మతో, "నువ్వూ కరియా ఇంటికాడనే ఉండండి, అక్కడంతా పెద్ద పెద్దోళ్లు వస్తారు" అన్నాను. తెల్ల చొక్కా, గంజి పెట్టిన పంచె, కొత్త తువ్వాలు వేసుకుని, సారు కారులో ముందు సీట్లో పెళ్లికొడుకులా కూర్చున్నాను. సారు కొత్త బూట్లు వేసుకుని వచ్చాడు. పాతవి ఎక్కడికి పోయాయో మీకు తెలుసు.

మైదానం చుట్టూ తాడు కట్టారు. బయట కుర్చీలు, జనం, రకరకాల కుక్కలు. ఒకదానికి జడలు వేశారు. ఒకదానికి బూట్లు తొడిగారు. పోటీకి ముందు కుక్క లేకుండా ఒకసారి బోర్డులన్నీ నడిచి చూసుకోవచ్చట. నేను చేతులు వెనక్కి కట్టుకుని, స్లాబు చూడటానికి వచ్చిన ఇంజనీరులా నడిచాను. ముప్పై ఏళ్లు నక్షాలు చూసి గోడలు లేపినవాణ్ణి, బాణం గుర్తులకు బెదురుతానా? అంతా బాగానే ఉంది గాని, కోన్ల వరసలో మూడోది రెండంగుళాలు పక్కకు జరిగి ఉంది. నా చెయ్యి ఊరుకోలేదు. వంగి సరిచేశాను.

"ఏయ్ సార్! కోన్ ముట్టబేడి!" అని ఒక కేక. టోపీ పెట్టుకున్న ఒక పొడుగాటి పెద్దామె. జడ్జి ఆమే.

"వంకర ఉండాదమ్మా. దారం పట్టి చూసుకోండి."

నా మాట విని ఆమె కన్నడం వదిలి తెలుగులోకి దిగింది. "ఇది గోడ కాదప్పా, వదిలేయి. మా ఇంట్లోనూ తెలుగే, తాతల కాలంనుంచి ఇక్కడే ఉండాము. విను, మళ్లీ చెప్పను. కుక్కను ముట్టగూడదు. తాడు లాగగూడదు. తిండి పెట్టగూడదు. మాట్లాడొచ్చు. కుక్క నీ ఎడమపక్కనే ఉండల్ల."

"మాట్లాడేదేనా? ముప్పై ఏళ్లు కూలోళ్ల మీద అరిచిన గొంతమ్మా ఇది!"

"చూస్తాం," అంది ఆమె.

మా పేరు పిలిచారు. బ్రౌనీని ఎడమపక్క పెట్టుకుని గీత దగ్గర నిలబడ్డాను. శ్రావ్యమ్మ తాడు అవతల రెండు చేతులూ గుండెకు అదుముకుని ఉంది. సారు పక్కనే, బూట్ల మీద దుమ్ము పడకుండా కాళ్లు ఎత్తి ఎత్తి నిలబడ్డాడు.

"రెడీనా?"

"ఎప్పుడో రెడీ!"

"పోవచ్చు."

"పదప్పా!" అన్నాను రాజసంగా, ఒక అడుగు వేశాను. రెండో అడుగు వేశాను. మూడో అడుగుకు తాడు బిగిసింది. తిరిగి చూస్తే బ్రౌనీ గీత దగ్గరే ఉంది. నా వైపు చూడటం లేదు. తన ఎడమపక్క చూస్తోంది. అక్కడ ఏమీ లేదు. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది. ఒక చుట్టు చుట్టి, ఉన్నట్టా లేనట్టా అని నేలను కూడా గీరి చూసింది.

"పద," అన్నాను.

కూర్చుంది.

"కూచో," అన్నాను, కనీసం అదైనా నేను చెబితే చేసినట్టుంటుందని.

లేచి నిలబడింది.

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "బంగారూ, పదమ్మా. నా కొండా, నా తండ్రీ. ఇంటికి పోయినాక కోడికాలు తెప్పిస్తా. రెండు తెప్పిస్తా! సోఫా కొనిస్తా, నువ్వే తిను! నీకు దండం పెడతా, ఒక్క అడుగు వెయ్యప్పా!"

బ్రౌనీ మూతి ఆకాశానికెత్తి, మైదానం దద్దరిల్లేలా ఏడుపు లంకించుకుంది. జడలు వేసిన కుక్క అందుకుంది. బూట్ల కుక్క అందుకుంది. ఐదు నిమిషాల్లో అదొక భజన అయిపోయింది.

అప్పుడు, ఆ ఎండలో, నాకు వెలిగింది. పన్నెండు కోడెలను మప్పాను, నిజమే. పన్నెండూ జోడుగా నడిచాయి, జోడుగా దున్నాయి, జోడుగానే ముసలివయ్యాయి. నా జన్మలో ఒంటి ఎద్దును నడిపించిందే లేదు! నెలన్నర పాటు నేను బ్రౌనీకి నేర్పింది ఒక్కటే: దాపట కరియ లేకపోతే అడుగు వేయకూడదని. దాన్ని మాత్రం అది తుచ తప్పకుండా నేర్చుకుంది.

మిగిలింది ఒకటే దారి. కరియ లేదు కాబట్టి దాపట నేనే నడుద్దామని, బ్రౌనీకి ఎడమపక్కకు వెళ్లి నిలబడ్డాను.

"సార్! కుక్క మీకు ఎడమపక్క ఉండల్ల!"

"అమ్మా, దాపట జత లేదు. ఈ ఒక్కసారికి నేనే..."

"ఏం జత? మీరు పోటీకి వచ్చినారా, దుక్కికి వచ్చినారా?"

జనం ఘొల్లుమన్నారు. నేను కుడికి వస్తే కుక్క కదలదు, ఎడమకు వెళితే జడ్జి ఒప్పుకోదు. కుడికీ ఎడమకూ నాలుగుసార్లు తిరిగాను. చుట్టూ తిరిగింది నేను, కూర్చుని చూసింది కుక్క. ఎవరు ఎవరికి శిక్షణ ఇస్తున్నారో తెలియక, బయట నుంచి ఒక పిల్ల "మమ్మీ, ఆ తాత బాగా నేర్చుకున్నాడు" అంది.

తాడు అవతల కిరణ్ సారు ఫోను తీశాడు. "రఘూ, సాయంత్రం ఉంటవా? ఒక డెలివరీ ఉంది" అంటున్నాడు. శ్రావ్యమ్మ తల దించుకుంది. అంతవరకూ నాది పరువు సమస్య. ఆ దించిన తల చూశాక పరువు సంగతే మరిచిపోయాను. ఆ పిల్లే నడిపించి ఉంటే, కనీసం తన కుక్క తన చేతిలోనే ఓడిపోయేది. ఆ అవకాశం కూడా నా గొప్ప కోసం లాక్కున్నాను.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక నల్లటి తల, తర్వాత ఒక స్టీలు డబ్బా, దాని వెనక నాగమ్మ దిగారు.

కరియ నన్ను చూసింది, బ్రౌనీని చూసింది. ఎవర్నీ అడగకుండా తాడు కిందుగా దూరి, మైదానం దాటి వచ్చి, బ్రౌనీ ఎడమపక్క తన చోట నిలబడింది. ఆలస్యంగా వచ్చిన మేస్త్రి తాపీ అందుకున్నట్టుగా. బ్రౌనీ ఏడుపు టక్కున ఆగింది. తోక గాలిపంకాలా తిరిగింది.

జడ్జి నోరు తెరిచింది. ఆమె ఏదో అనేలోపే నేను, "పద!" అన్నాను.

పోయాం. ఎలా పోయామనుకున్నారు! కరియ దాపట, బ్రౌనీ వలపట, ఆ పక్కన పంచె ఎగ్గట్టి నేను. మొదటి బోర్డు దగ్గర రెండూ ఒకేసారి కూర్చున్నాయి. మూడో బోర్డు దగ్గర పడుకున్నాయి, నేను వాటి చుట్టూ తిరిగి వచ్చేదాకా చెవి కదపలేదు. కోన్ల మధ్య ఆ మెలికలు చూసి జనం చప్పట్లు కొట్టారు. జడ్జి కూడా ఆపడం మరిచి, కాగితం మీద గీతలు గీస్తూ వెంట నడిచింది.

పదకొండో బోర్డు దగ్గర చప్పట్లు నా తలకెక్కాయి. బోర్డు మీద బాణం కుడికి ఉంది. నేను గొంతెత్తి, "ఎడమకు తిరుగప్పా!" అని, నేనూ ఎడమకు తిరిగాను.

కరియ తిరగలేదు. తల పక్కకు తిప్పి, నన్ను దాటి, తాడు అవతలికి చూసింది. తర్వాత శుభ్రంగా కుడికి తిరిగింది. బ్రౌనీ కుడికి తిరిగింది. కుక్కలు రెండూ సరైన దారిలో వెళ్లాయి. నేనొక్కణ్ణే తప్పిపోయి మైదానం మధ్యలో నిలబడ్డాను.

కరియ చూసిన చోటికి నేనూ చూశాను. అక్కడ నాగమ్మ ఉంది. డబ్బా చంకలో పెట్టుకుని, గడ్డం కొద్దిగా కుడివైపు విసిరి నిలబడింది. ఆ గడ్డం ఇప్పుడు నా వైపు తిరిగి, మళ్లీ కుడికి విసిరింది. నేను నోరు మూసుకుని కుడికి పరిగెత్తాను.

అప్పుడు గుర్తొచ్చింది. ఖాళీ సైటులో నేను 'కూచో' అన్న ప్రతిసారీ కరియ ముందు బండరాయి వైపు చూసేది. కాకుల కోసం చూస్తోందనుకునేవాణ్ణి. ఇందాక పక్కన పెట్టుకోమన్న 'అనుకునేవాణ్ణి'ని ఇప్పుడు బయటికి తియ్యండి.

పదిహేనో బోర్డు దాటాక జడ్జి కాగితం మడిచింది. "నల్లదానికి తొంభై ఆరు ఇస్తానప్పా. కానీ దాని పేరు నా దగ్గర లేదు. పేరుండే కుక్క ఇంకో కుక్క సాయంతో నడిచినాది. కాబట్టి పోటీనుంచి తీసేస్తాండా. ఆ తగ్గిన నాలుగూ మీరు చెప్పిన ఎడమకే."

ఫెయిలు. నేను శ్రావ్యమ్మ ముందుకు వెళ్లి నిలబడ్డాను. "తప్పు నాదమ్మా. నిన్ను నడిపించనియ్యకుండా చేసింది నేనే. కరియ సంగతి దాచింది నేనే. పంపేదైతే నన్ను పంపమను సారును."

ఆమె ఏదో అనబోయేలోపు కిరణ్ సారు గొంతు వినబడింది. "శ్రావ్యా... నా షూ."

ఏడుపు భజన జరిగేటప్పుడు ఎవరిదో నీళ్ల గిన్నె సారు కాళ్ల మీద పడిందట. బూట్లు విప్పి ఎండలో పెట్టాడు. మేము జడ్జి మాటలు వింటున్నంతసేపూ కరియ వెళ్లి వాటి పక్కనే పడుకుంది. దాని పక్కన బ్రౌనీ. బ్రౌనీ ముక్కుకూ బూటుకూ మధ్య జానెడు కూడా లేదు.

"తినేసిందా?" అంది శ్రావ్యమ్మ భయంగా.

"లే. అదే చెప్తున్న. తినలే." సారు వంగి, బూటును అటూ ఇటూ తిప్పి, లోపల కూడా చూశాడు. "నాకలేదు కూడా."

"కరియ బూట్లు తినదు సారూ," అంది నాగమ్మ. "అది తినకుంటే ఇది తినదు. పంపేదైతే రెండిటినీ పంపల్ల, ఉంచేదైతే రెండిటినీ ఉంచల్ల. జోడు విడదీస్తే మళ్లీ సోఫాలే."

సారు బూట్లు రెండూ తొడుక్కున్నాడు. తర్వాత ఫోను తీశాడు. "రఘూ, సాయంత్రం వస్తలేములే. లేదు, కుక్క పాస్ కాలే. బూటు పాసైంది." ఆ మనిషి నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. శ్రావ్యమ్మ అక్కడే మట్టిలో కూర్చుని, రెండు కుక్కల మెడలూ కలిపి పట్టుకుంది. కరియకు అలాంటివి అలవాటు లేక ఆవులించింది.

అంతటితో ఆగినా నాకు కొంచెం మీసం మిగిలేది. కానీ జడ్జి మా దగ్గరికి వచ్చి, "ఇంతకీ ఈ నల్లదానికి నేర్పింది ఎవరు?" అని అడిగింది. నేను తువ్వాలు సర్దుకుని ఒక అడుగు ముందుకు వేశాను. కరియ లేచి, నా పక్క నుంచే నడిచి వెళ్లి, నాగమ్మ పాదాల ముందు కూర్చుంది. నాగమ్మ డబ్బా మూత తీసి రాగిముద్ద పెట్టింది.

"ఓహో," అంది జడ్జి. "అంటే బ్రౌనీ కరియను చూస్తాండాది. కరియ నిన్ను చూస్తాండాది. మరి ఈయప్ప?"

నాగమ్మ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఈయప్పనా? మప్పతానే ఉండాను తల్లీ. నలభై ఏళ్లైంది. ఇంకా కాడి పడలా."

ఆ మాటకు మైదానంలో లేచిన నవ్వు కుందలహళ్ళి దాకా మా కారు వెనకే వచ్చింది.

ఇప్పుడు కరియకు మూడో అంతస్తు తలుపు దగ్గర పరుపు ఉంది. లిఫ్టులో ఎక్కుతుంది, నాకంటే ముందే దిగుతుంది. ముప్పావు అంగుళం పైపు మా గది గోడకు వేలాడుతోంది. దాని మీద కుడిచెయ్యి పెట్టి, పాఠకులందరి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: నాలుగు కాళ్లదానికి గాని, రెండు కాళ్లవాడికి గాని, కాళ్లే లేనిదానికి గాని, ఈ ఓబులేసు ఇకమీదట ఏదీ నేర్పబోడు. నేర్పానని చెప్పుకోబోడు. కోను వంకరగా ఉన్నా చెయ్యి పెట్టడు.

ఈ ప్రమాణం రాసి నాగమ్మకు చదివి వినిపించాను. ఆమె గడ్డం కొంచెం కిందికి ఆడించింది. కాబట్టి ఇక్కడ ఆపుతున్నాను.